జీపు ముందు వేసిన పీట



దసరా సెలవులకు ఊరికి వచ్చినవాళ్లు మందిరం పక్కన రేకుల షెడ్డు ఖాళీగా ఉండటం చూశారు. "అయ్యగారూ, జీపేదండీ?" అని ఆరాధన అవగానే మెట్ల మీదే అడిగారు. ఆ తర్వాత విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి ఫోన్లు. "పెద్దయ్యగారి జీపు అమ్మేశారంట, నిజమేనా?" అన్నవాళ్లలో కొందరి గొంతులో బాధ ఉంది, కొందరి గొంతులో కోపం ఉంది. అడిగే హక్కు మీకుంది. ఆ జీపెక్కి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు, పెళ్లికూతురిగా కూర్చున్నవాళ్లు మీలో ఉన్నారు. ఆసుపత్రికి చేరకముందే అందులో పుట్టినవాళ్లు కూడా ఇద్దరున్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం మాకు సరి అనిపించలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. ఇందులో మేము మీ ముందు ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. అది కూడా దాచకుండా రాస్తాం.

తెలియని చిన్నవాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాం. అది 1992 మోడల్ మహీంద్రా ఎంఎం 540. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపుకు మన దేశంలో పుట్టిన వారసుల్లో ఇదొకటి. 2.1 లీటర్ల ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు చక్రాలకూ లాగుడు, వెనక ఎదురెదురు బెంచీలు, పైన గుడ్డ టాపు. ఒక ప్రభుత్వ శాఖ వాడి వదిలేసిన బండిని 2001లో వేలంలో నాన్నగారు 68 వేలకు పాడుకున్నారు. అంత డబ్బు ఒక పల్లె పాస్టరు దగ్గర ఎక్కడిది? అమ్మ చేతి బంగారు గాజులు రెండు అందులో ఉన్నాయి. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అమ్మ అనుమతితోనే రాస్తున్నాం.

అంతకుముందు నాన్నగారు పై ఊళ్లకు నడిచే వెళ్లేవారు. చింతపల్లి దాటి పైకి పోతే అప్పుడు దారి అంటే ఎడ్లు నడిచిన జాడే. గెడ్డ రెండు చోట్ల దాటాలి. శుక్రవారం బయల్దేరితే ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. జీపు వచ్చాక అదే దారి మూడు గంటలైంది. గేరు రాడ్డు పక్కన ఉన్న చిన్న లివరు లాగి లో గేరులో వేస్తే మనిషి నడిచినంత మెల్లగా, ఎద్దు లాగినంత బలంగా ఎక్కేది. రోగులను దించింది, రేషను బియ్యం ఎక్కించింది, కాఫీ, మిరియాలు, పసుపు సంతకు చేర్చింది. శవపేటికలు మోసింది. క్రిస్మస్ రాత్రి నక్షత్రం కట్టుకుని ఊరూరా తిరిగింది. 2005లో 108 వచ్చింది గానీ, అది తారు రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడే ఆగాలి. అక్కడినుంచి పైకి మన జీపు, లేదంటే కర్రకు దుప్పటి కట్టి ఇద్దరు భుజాన మోసే డోలీ. రెండే దారులు.

చలికాలం పొద్దున ఆ ఇంజను అంత తేలిగ్గా లేచేది కాదు. లంబసింగి చలి మీకు చెప్పక్కర్లేదు. హీటరు నొక్కి పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి. మా పిల్లలు అంకెలు నేర్చుకున్నది బళ్లో కాదు, తాతయ్య పక్కన జీపులో కూర్చునే. "పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై!" అని పిల్లలు అరిస్తే ఆయన తాళం తిప్పేవారు.

ఆ జీపు ఎత్తు ఎక్కువ. ముసలివాళ్లు, నిండు గర్భిణులు కాలు ఎత్తి వేయలేరు. అందుకని నాన్నగారు పనస చెక్కతో రెండు మెట్ల పీట ఒకటి చేశారు. జీపు ఆగగానే ముందు ఆ పీట కింద పెట్టి, చెయ్యి అందించి, అప్పుడు ఎక్కించేవారు. చాలామందికి జీపు కన్నా ఆ పీటే గుర్తు.

2019లో నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ తర్వాత జీపు విషయంలో మాలో ఒక మార్పు వచ్చింది. అది అప్పుడు మాకు తెలియలేదు. ఆయన బతికున్నప్పుడు బండికి బురద ఉండేది. మా చేతికి వచ్చాక మెరుపు వచ్చింది. రంగు వేయించాం. కొత్త టాపు కుట్టించాం. ప్యూజో ఇంజను విడిభాగాల కోసం విశాఖలో పాత సామాన్ల షాపులన్నీ తిరిగాం. శీతాకాలం లంబసింగి మంచు చూడటానికి పట్నం కుర్రాళ్లు కొత్త కొత్త థార్ బళ్లు వేసుకుని వస్తారు కదా, వాళ్లు మన జీపు దగ్గర ఆగి ఫోటోలు దిగేవారు. "అంకుల్, ఇది అమ్ముతారా? ఎంతైనా పర్లేదు" అనేవారు. "అమ్మేది కాదు బాబూ, ఇది పరిచర్య బండి" అని చెప్పేవాళ్లం. చెప్పేటప్పుడు మా ఛాతీ కాస్త పొంగేది. ఆ పొంగు ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

2023 జూలై వానల్లో అమ్మ గిన్నెలు తోముకునే చప్టా మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. విశాఖలో ఆపరేషను జరిగింది. అమ్మ అంటే మాలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి అత్తగారు, ఇద్దరికీ అమ్మే. మీరంతా ఎంత ప్రార్థించారో, రాత్రిళ్లు ఎవరెవరు ఆసుపత్రిలో తోడున్నారో మేము మరచిపోలేదు. ఇంటికి వచ్చాక నర్సీపట్నం తీసుకెళ్లి ఫిజియోథెరపీ చేయించాలి, మధ్యమధ్య డాక్టరుకు చూపించాలి అన్నారు. మా ఇంటి నుంచి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు, అందులో లంబసింగి నుంచి డౌనూరు వైపు దిగే ఘాటీ. జీపులోనే తీసుకెళ్లాం. పీట వేసి, ఒకరు కింద నుంచి, ఒకరు పైనుంచి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టేవాళ్లం. మాలో ఒకరు స్టీరింగు దగ్గర, ఒకరు అమ్మ వెనక కూర్చుని భుజాలు పట్టుకునేవారు.

నాలుగైదు సార్లు వెళ్లాక అమ్మ ఇక వద్దంది. "నాకేటవుద్ది, బాగానే ఉంది. ఊరికే డీజిలు తగలేయడం ఎందుకు?" అంది. మేము సంతోషించాం. అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం ఆరాధనలో లేచి, అమ్మకు నొప్పి పూర్తిగా పోయిందని, ఇక ఆసుపత్రి అవసరం లేదని, దేవుడు మన ప్రార్థన ఆలకించాడని సాక్ష్యం చెప్పాం. మీరంతా చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీలో కూర్చున్న అమ్మ తల దించుకునే ఉంది.

ఆరు నెలలకు మా పెద్దమ్మాయి హాస్టలు నుంచి సంక్రాంతికి వచ్చింది. నాయనమ్మ గోడ పట్టుకుని నడవడం రెండు రోజులు చూసింది. మూడో రోజు అన్నాల దగ్గర అడిగింది.

"నాయనమ్మను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లడం లేదు?"

"తగ్గిపోయింది కదమ్మా. తనే వద్దంది."

"తగ్గలేదు. జీపెక్కలేక వద్దంది. అప్పుడు మీతో వచ్చినప్పుడు నేను డ్రైవరు వెనక బెంచీ మీద కూర్చున్నాను. అక్కడినుంచి నాయనమ్మ మొహం కనిపిస్తుంది. డాడీ రోడ్డు చూస్తారు, అమ్మ వెనకాల ఉంటుంది, మీకు కనపడదు. ఘాటీ దిగేంతసేపూ తువ్వాలు అంచు పళ్లతో పట్టుకుని ఉంది. ఎవరికీ చెప్పొద్దని నా మీద ఒట్టు వేయించుకుంది. ఇది తాతయ్య జీపు, దాన్ని ఏమీ అనకూడదంది."

మేమిద్దరం తలెత్తలేకపోయాం. పాత జీపుకు కమాన్ కట్టలు ఎంత గట్టిగా ఉంటాయో ఎక్కినవాళ్లకు తెలుసు. గుంతలో పడితే బరువు మోసే బండి గనుక మనిషి వెన్నెముకే స్ప్రింగు అవుతుంది. ఆపరేషనైన తుంటికి అది ఎలా ఉంటుందో మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఆ వారమే ఒక తెలిసినాయన కారు అడిగి తీసుకుని అమ్మను నర్సీపట్నం తీసుకెళ్లాం. వ్యాయామం మధ్యలో మానేయడం వల్ల కీలు బిగుసుకుపోయిందని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని చెప్పారు. అంటే మేము మీ ముందు నిలబడి చెప్పిన సాక్ష్యం నిజం కాదు. ఒక ముసలి తల్లి మా మనసు నొప్పించకూడదని తన నొప్పి దాచుకుంటే, దాన్ని మేము స్వస్థత అని ప్రకటించాం. అందుకు మమ్మల్ని క్షమించమని ఈ మాటల ద్వారా మిమ్మల్ని అడుగుతున్నాం. దేవుణ్ణి ఇంతకుముందే అడిగాం.

మరి అప్పుడే జీపు అమ్మేశామా అంటే, లేదు. ఏడాదిపైగా కొట్టుకున్నాం. మాలో స్టీరింగు పట్టేవారు ఒక మాట, లెక్కలు రాసేవారు ఒక మాట. "పై ఊళ్లవాళ్ల గతేంటి?" అని ఒకరు. "మన ఇంట్లో ఉన్న అమ్మ గతేంటి?" అని ఒకరు. రెండూ ఉంచుకుంటే సరిపోయేది కదా అని మీరు అనవచ్చు. పెద్దమ్మాయికి ఇంటరు ఫీజు, చిన్నవాడికి ఎనిమిదో తరగతి, అమ్మకు మందులు. 2027లో జీపు ఆర్సీ మళ్లీ రెన్యువల్‌కు వస్తుంది. ఒకప్పుడు వందల్లో ఉండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండికి 5,000 అయింది, ఇప్పుడు 20 ఏళ్లు దాటితే 10,000 చేశారు. దాని మీద గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ కోసం చేయించవలసిన మరమ్మతులు. రెండు బళ్లు పోషించే శక్తి మాకు లేదు. సంఘ పెద్దలు ప్రేమతో, "చందాలు వేసి కారు కొందాం అయ్యగారూ" అన్నారు. మందిరం కప్పు అప్పు ఇంకా తీరలేదు. మా ఇంటి ఇబ్బందిని సంఘం నెత్తిన పెట్టడం మాకు ఇష్టం లేకపోయింది.

ఒక రాత్రి నాన్నగారి డైరీలు తీశాం. జీపు బయటికి తీసిన ప్రతిసారీ తారీఖు, ఏ ఊరు, ఎవరి కోసం, ఎంత డీజిలు అని ఆయన రాసేవారు. ఆ అలవాటు మేము కూడా మానలేదు. ముందు 2003 డైరీ చదివాం. పేజీ తిప్పితే చాలు, పై ఊరు, పై ఊరు, జ్వరం, కాన్పు, పాముకాటు, పై ఊరు. తర్వాత 2024 డైరీ తెరిచి ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కవేశాం. ఆ సంవత్సరం జీపు 74 సార్లు బయటికి వెళ్లింది. అందులో 51 సార్లు తారు రోడ్డు మీదే, చింతపల్లికో నర్సీపట్నానికో. ఇంకో 14 సార్లు వెళ్లిన ఊళ్లకు ఇప్పుడు కంకర రోడ్డు పడింది, ఆటో వెళ్తుంది. మన జీపు తప్ప ఇంకేదీ వెళ్లలేని చోటుకు వెళ్లింది తొమ్మిది సార్లు.

ఆ తొమ్మిది దగ్గర మేము చాలాసేపు ఆగాం. అది సున్నా అయి ఉంటే తేలిక. పరిచర్య అనే మాట వట్టి సాకు అని ఒప్పుకుని, తెల్లారి అమ్మేసేవాళ్లం. కానీ ఆ తొమ్మిదిలో నాలుగు ప్రాణం మీదికి వచ్చినవే. అలాగని 74లో 65 సార్లు మేము దాన్ని తీసింది మాకు ఇష్టం గనుక, నాన్నగారిది గనుక, నలుగురూ చూస్తారు గనుక. తొమ్మిది సార్ల అవసరాన్ని చూపించి మిగతా అరవై ఐదు సార్ల ఇష్టాన్ని కాపాడుకున్నాం. ఆ ఇష్టానికి అమ్మ తుంటితో ఖరీదు కట్టించాం.

ఆ రోజుల్లో కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము చదువుకుంటున్నాం. మన్నా సంగతి మీకందరికీ తెలుసు. అది అరణ్యంలో, పంట లేని చోట, నలభై ఏళ్లు ఇచ్చిన ఆహారం. ఏ రోజుకారోజు ఏరుకోవాలి. దాచిపెట్టుకుంటే పురుగు పట్టింది. యెహోషువ గ్రంథానికి వస్తే, ప్రజలు యొర్దాను దాటి గిల్గాలులో దిగి ఆ దేశపు పంట తిన్నారు, మరునాటి నుంచి మన్నా ఆగిపోయింది. మన్నా ఆగినందుకు వాళ్లు ఏడ్చినట్టు అక్కడ రాసి లేదు. దేవుడు వాళ్లను విడిచిపెట్టాడనీ లేదు. చేతికి పంట వచ్చింది గనుక ఆగింది, అంతే. ఇంతకాలం ప్రసంగాల్లో మన్నా దిగడం గురించే చెప్పాం. ఆగడం గురించి ఒక్కసారీ చెప్పలేదని మాకు అప్పుడే తట్టింది.

మన కొండకు కూడా కొంత పంట వచ్చింది. అన్ని ఊళ్లకూ కాదు గానీ చాలా ఊళ్లకు రోడ్డు వచ్చింది, ఫోను సిగ్నలు వచ్చింది, ఆశా కార్యకర్తలున్నారు, ఇరుకు దారుల్లో తిరిగే ఫీడరు అంబులెన్సు బళ్లు వచ్చాయి. నాన్నగారి రోజుల్లో జీపు ఒక్కటే చేసిన పని ఇప్పుడు పది చేతులు చేస్తున్నాయి. మిగిలింది ఆ తొమ్మిది. ఆ తొమ్మిదికి జీపు ఎక్కడ ఉండాలి? మా షెడ్డులోనా, పై ఊళ్లోనా?

ఈలోగా కొనేవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకాయన విశాఖ నుంచి. పాత జీపులు కొని, పెద్ద టైర్లు వేసి, బురద పందేలకు తీసుకెళ్తారట. మంచి మనిషే. 3,40,000 ఇస్తానన్నారు. రెండోవాళ్లు పై ఊరి ఐదు కుటుంబాలు. వాళ్లలో ఒక కుర్రాడికి డ్రైవింగు నేర్పింది నాన్నగారే, ఈ జీపు మీదే. ఐదిళ్లవాళ్లు కలిసి 1,80,000 ఇవ్వగలమన్నారు. చేతిలో లక్ష, మిగతా 80 వేలు కాఫీ అమ్మాక. మేము చూసుకున్న పాత వేగన్ ఆర్ 2,85,000. మా దగ్గర కూడబెట్టింది 60 వేలు. విశాఖ ఆయనకిస్తే కారు వచ్చి ఇంకా చేతిలో మిగులుతుంది. పై ఊరివాళ్లకిస్తే లక్షా పాతిక వేలు తక్కువ పడుతుంది.

ఎవరికివ్వాలో తేల్చుకోలేక అమ్మను అడిగాం. నిజం చెప్పాలంటే, గాజులు అమ్మవి గనుక మొదటే అడగవలసింది. ఆమె వరండాలో వలిసెలు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి చెప్పింది.

"మీ నాన్న గాజులడిగితే మొదట ఇవ్వలేదురా. ఒకరోజు పై ఊరి పిల్లను డోలీలో దించుతుంటే మన గుమ్మం ముందే పోయింది. కడుపులో బిడ్డతో. పందొమ్మిదేళ్లుంటాయి. ఆ రాత్రే గాజులు తీసి ఇచ్చాను. ఆ పిల్లలాంటోళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో బండి అక్కడుండాలి. ఇందులో నన్నడగడానికి ఏటుంది?" కాసేపు ఆగి, "నాకు మాత్రం కాస్త కిందగా ఉండే బండి చూడండి నాయనా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి మా ఇంట్లో చాలా రోజులైంది.

జూన్ మొదటి వారంలో జీపు పై ఊరికి వెళ్లింది. తక్కువ పడిన డబ్బుకు చీటీ పాడుకున్నాం. నెలకు 5,000 కడుతున్నాం, ఇంకా కట్టాలి. ఫారం 29, ఫారం 30 రాసి, ఆర్సీ ఆ కుర్రాడి పేరుకు మార్పించాకే తాళం ఇచ్చాం. మన ఊళ్లలో పాత బండి అమ్మి పేరు మార్చకుండా వదిలేస్తుంటారు. తర్వాత ఏ ప్రమాదం జరిగినా పాత యజమాని మెడకు చుట్టుకుంటుంది. మీరు మాత్రం అలా చేయకండి. బయల్దేరే ముందు మా చిన్నవాడు జీపులో కూర్చుని హీటరు నొక్కి ఇరవై దాకా లెక్కపెట్టాడు. జూన్ నెలలో దానికి హీటరు అక్కర్లేదు. ఎవరం ఏమీ అనలేదు.

పీట మాత్రం ఇవ్వలేదు. మన్నాను కూడా ఒక గిన్నెలో ఒక ఓమెరు జ్ఞాపకార్థం ఉంచమన్నాడు కదా దేవుడు. గోదామంతా నింపి దాచమనలేదు, ఒక్క గిన్నె. మాకా గిన్నె ఈ పీట. అచ్చం అలాంటిదే ఇంకోటి పనస చెక్కతో చేయించి జీపుతో పంపాం. నాన్నగారి పీట ఇప్పుడు మందిరం మెట్ల పక్కన ఉంది. అమ్మ దాని మీద కాలు పెట్టే లోపలికి వస్తోంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్తోంది. కారులో మొదటిసారి ఘాటీ దిగినప్పుడు డౌనూరు వచ్చేసరికి నిద్రపోయింది. నోరు కాస్త తెరిచి, మా పెద్దమ్మాయి భుజం మీద తల పెట్టి. మాలో కారు నడుపుతున్నవారు రోడ్డు పక్కన ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ బయల్దేరారు.

ఇక్కడితో ఆపితే చదవడానికి బాగుండేది. కానీ ఆగస్టులో ఒక రాత్రి జరిగింది కూడా చెప్పాలి.

రాత్రి పదకొండున్నరకు ఫోను వచ్చింది. జీపు కొన్న ఊరు కాదు, దానికి ఇవతల ఉన్న ఇంకో ఊరు. తొలి కాన్పు, నొప్పులు మొదలయ్యాయి. ఎడతెగని వాన. జీపు ఎక్కడుందని పై ఊరికి ఫోను చేశాం. సంతకు వెళ్లి, గెడ్డ పొంగడంతో అవతలి ఒడ్డునే ఉండిపోయిందన్నారు. 108కు చెప్పాం. అది తారు రోడ్డు చివర దాకా వచ్చి నిలబడింది. అక్కడినుంచి ఊరికి మూడు కిలోమీటర్లు. మేము కారు వేసుకుని అదే చోటికి వెళ్లి నిలబడ్డాం. అంతకన్నా ముందుకు మా కారు వెళ్లదు. ఆ చీకట్లో మాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. మన జీపు మన దగ్గర ఉంటే ఈపాటికి ఆ పిల్లను దించేసేవాళ్లం. రెండున్నరకు టార్చిలైట్లు కనిపించాయి. నలుగురు మగవాళ్లు వంతులేసుకుని డోలీ మోసుకొచ్చారు. మోకాళ్ల దాకా బురద. తెల్లవారి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం.

అయినా మాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తప్పు చేశామా అని ఒకరినొకరం అడిగాం. మూడో రోజు డోలీ మోసినవాళ్లలో ఒకాయన కారు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ మూడు కిలోమీటర్ల రోడ్డుకి అర్జీ పెడదాం, మీరు రాసిపెడతారా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఇరవై నాలుగేళ్లు ఆ దారిలో తిరిగాం. ఒక్క అర్జీ మేము రాయలేదు. జీపు ఉంది కదా, వెళ్తున్నాం కదా అనుకున్నాం. మాకు దారి ఉంది గనుక వాళ్లకు దారి లేదన్నది మాకు కనపడలేదు. జీపు పోయాకే, తారు చివర వానలో నిలబడ్డాకే కనపడింది. ఆ వారమే ఊరివాళ్లతో కలిసి పాడేరు వెళ్లి ఐటీడీఏలో అర్జీ ఇచ్చాం. 62 సంతకాలు, వేలిముద్రలు. రసీదు జాగ్రత్తగా ఉంది. రోడ్డు ఇంకా రాలేదు. మళ్లీ వెళ్తాం. ఈ విషయం మీ ప్రార్థనల్లో పెట్టండి. ప్రభుత్వ ఆఫీసుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు మీలో ఉన్నారు, ఏ కాగితం ఎవరికివ్వాలో మాకు చెప్పి సాయం చేయండి.

ప్రియులారా, పాతవన్నీ అమ్మేయమని చెప్పడానికి ఇది రాయలేదు. కొన్నింటిని ఉంచుకోవడమే సరి. మనలో ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో జీపు ఉంటుంది. నాన్నగారి పేరు మీద బీడు పడిన పొలం కావచ్చు. తాళం వేసి ఉన్న ఇల్లు కావచ్చు. కూర్చునే మనిషి మారినా మార్చని కుర్చీ కావచ్చు. ఒకప్పుడు ఆపదలో ఆదుకుంది గనుక దాని మీద ప్రేమ ఉంటుంది, ఆ ప్రేమ తప్పు కాదు. మేము తప్పింది ఎక్కడంటే, పక్కన కూర్చున్న మనిషి మొహం చూడకపోవడంలో. కాబట్టి ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. మా ఇంట్లో దీన్ని ఉంచుకోవడం కోసం ఎవరైనా నొప్పి ఓర్చుకుంటున్నారా? నిరుడు ఇది నిజంగా ఎన్నిసార్లు అవసరపడింది? ఇప్పుడు ఇది ఎక్కువ అవసరమైనవాళ్లు ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు మేమే అని వస్తే సంతోషంగా ఉంచుకోండి. ముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు బాగానే ఉందంటే అక్కడితో వదిలేయకండి, వాళ్ల మొహం కనపడే చోట కూర్చుని చూడండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మాకు ఏ కాలంలో ఏది కావాలో అది ఇచ్చినందుకు వందనాలు. నీవు ఇచ్చినదాన్ని నీకన్నా, మా ఇంటివారికన్నా ఎక్కువగా చూసుకున్నందుకు క్షమించు. ఇవ్వవలసింది ఇచ్చే ధైర్యం, ఇచ్చాక వెనక్కి చూసి బాధపడని మనసు దయచేయి. కొండ మీద దారి లేని ఊళ్లను జ్ఞాపకం చేసుకో, ఆ దారి వేయించే పనిలో మమ్మల్ని వాడుకో. ఆమేన్.

క్రిస్మస్‌కు వచ్చేవాళ్లకు ఒక మాట. ఈసారి కూడా నక్షత్రం జీపు మీదే తిరుగుతుంది. పై ఊరివాళ్లు ముందే కబురు పెట్టారు, 24 రాత్రి బండి వాళ్లే దించుకుని తెస్తారట. చలి ఎక్కువగా ఉంటుంది, స్వెట్టర్లు తెచ్చుకోండి. ఇరవై దాకా లెక్కపెట్టడానికి మా చిన్నవాడు సిద్ధంగా ఉన్నాడు.